రెండో ప్రతి

అంబాజీపేటలో, కురిడీ కొట్టు మేడ మీద,
ఆదివారం రాత్రి లెక్కలు కట్టేశాక
నేను మంత్రగాణ్ణి.

పేరు నీలజటుడు. ఐదో మెట్టు.
గడ్డం ఉంది, కర్ర ఉంది,
ప్రాణం మాత్రం ఇరవై రెండు.
ఏసుబాబు గొడ్డలి వీరుడికి యాభై ఆరు.
వాడికి పుస్తకంతో పని లేదు, తిండి పెడితే చాలు.

నాకు పుస్తకమే ఇల్లూ వాకిలీ.
షావుకారు పక్కన పడేసిన పాత చిట్టా తెచ్చుకున్నాను.
ఎర్ర గుడ్డ అట్ట, మొదటి పేజీలో పసుపు బొట్టు, శ్రీ.
ఎడమ పక్క మంత్రం, కుడి పక్క ఖర్చు.

నిద్రమంత్రం: యాభై వరహాలు, రెండు గంటలు.
అగ్నిగోళం: నూట యాభై, ఆరు గంటలు.
గబ్బిలం రెట్టా, గంధకం, అవి విడిగా.
వస్తువు గుణం కనిపెట్టడానికి నూరు వరహాల ముత్యం.
అది అరగదని, ఒక్కసారి కొంటే చాలని
వీరవేణి గారి చేత మూడుసార్లు అనిపించుకున్నాను.

మంత్రాలకి చింతకాయలు రాలతాయా అంటారు.
వాటి సంగతి తెలీదు గాని
నా సంచిలోంచి నాణేలు బాగానే రాలాయి.

ఆట నడిపేది వీరవేణి గారే.
పగలు రొయ్యల మేత డిపోలో బిల్లులు కొడతారు.
కనికరం ఉంది, కన్సెషన్ లేదు.
"ఆయ్, రాసుకోండి" అంటారు.
అంతలోనే, "సిరా ఎక్కడిదండి?"

పుస్తకంలో పద్దెనిమిది.
పొద్దున్నే తలకెక్కేవి తొమ్మిది.
మిగతావి కాగితం మీదే పడుకుంటాయి,
ధర రాని కాయల్లాగ.
తాళం తీసే మంత్రం మోసుకెళ్లిన రోజు తలుపే ఉండదు,
మానేసిన రోజు
అడుగడుక్కీ తలుపే.

"రెండో ప్రతి రాసి పెట్టుకో బావా,
మెట్టుకి పదే కదా" అన్నాడు ఏసుబాబు.
అన్నీ కలిపితే మూడు వందల పది.
వెయ్యి కాయ మీద రెండు రూపాయలకి
గంట సేపు బేరమాడే మనిషిని నేను.
ఉన్న పుస్తకాన్నే మళ్లీ కొనుక్కోడమా?
వచ్చే వారం చూద్దాం అన్నాను.
ఆరు ఆదివారాలు చూశాం.

గోదారికి ఎర్రనీరు తగిలింది.
ఏసుబాబు లంకలోంచి ఆలస్యంగా వచ్చాడు,
మోకాళ్ల దాకా బురద.
ఆటలోనూ ఏరే. పంటు మీద మేం నలుగురం, ఒక మేక.
వీరవేణి గారు పాచిక నా వైపు తోశారు.
ఇరవై ముఖాల్లో, మూడు.

"సంచి నీళ్లలో పోయిందండి" అన్నారు,
గొంతు తగ్గించి,
ఎవరింటికో కబురు మోసుకొచ్చినట్టు.
పుస్తకం. ముత్యం.
రెండో ప్రతికి ఖర్చు పెట్టకుండా దాచిన
మూడు వందల పది కూడా అందులోనే.

కరెంటు పోయింది.
కొబ్బరి మట్టల వెనక దూరంగా గ్యాస్ బావి మంట.
నా నూట యాభై వరహాల అగ్నిగోళాన్ని
ఎవరో ఊరికే కాలుస్తున్నారు.

ఫోను వెలుగులో చిట్టా తెరిచి
పద్దు మీద పద్దు అడ్డంగా కొట్టేశాను.
గుమాస్తా చెయ్యి, గీత వంకర పోలేదు.
ఆ పొద్దున తలలో ఉన్న తొమ్మిదీ మిగిలాయి.
అగ్నిగోళం వాటిలో లేదు.
ఈకలా దిగే మంత్రం ఉంది.

నెల రోజులుగా దాన్ని రోజూ ఎక్కించుకుంటున్నాను.
ఈ కథలో మేం ఎక్కిన కొండ లేదు, దూకిన గోడ లేదు.
తాతారావు దింపుకెక్కి జారిన వారం నుంచీ అంతే.
కాకినాడ ఆసుపత్రికి రెండు వేల వోచరు
రాసింది ఈ చెయ్యే. నడుం ఇంకా లేవలేదు.

తలలో ఉన్నవి తిరిగి రాసుకోవచ్చు, రూల్ ఉంది.
ఖాళీ పుస్తకం యాభై, మొదటి మెట్టు మంత్రం పది.
"ఏది ముందండి?"
చెప్పాను.
నవ్వుతాడనుకున్న ఏసుబాబు నవ్వలేదు.
తాతారావు వాడి మేనమామ.
తన షీటు మీద అరవై వరహాలు రబ్బరుతో చెరిపి
నా షీటు లాక్కుని, జమ వైపు రాశాడు.

వీరవేణి గారు కొవ్వొత్తి వెలిగించి
కాసేపు ఏమీ అనలేదు.
ఆ తర్వాత అన్నారు,
"సిరా ఎక్కడిదండి?"